ఇద్దరికీ ఒకే కార్డు

మెట్రో టికెట్ల హాలులో గోడ పొడవునా బిగించిన ఛార్జీల పట్టికను బీమాగారు మొదటి వరుస నుంచి చదవడం ప్రారంభించారు. ఆయన వెనుక పరుపులాయన చేతిసంచిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, గడియారాన్నీ, పట్టికనూ, ఎదుటి మనిషి వీపునూ వంతులవారీగా చూస్తున్నారు. రాత్రంతా రైలులో కూర్చుని వచ్చినందువల్ల ఇద్దరి బట్టలూ నలిగాయి. బీమాగారి చొక్కాకు మాత్రం మెడ దాకా బొత్తాలన్నీ పెట్టే ఉన్నాయి.

"బావగారూ, అదేం పరీక్ష పేపరు కాదు కదండీ, మొత్తం చదవడానికి."

"చదవకుండా కొని తర్వాత తల పట్టుకునేవాళ్ళని జీవితమంతా చూశాను బావగారూ. ఒక్క నిమిషం."

"మీ నిమిషం అయిపోయి చాలాసేపయింది. పదకొండు దాటితే అమ్మాయి ఇంట్లో ఉండదు."

"ఆ సంగతి నాకు తెలియదా?" అని బీమాగారు రెండో వరుసలోకి దిగారు.

వారిద్దరూ వియ్యంకులు. పిల్లవాడి తండ్రి బీమా కంపెనీలో క్లెయిముల కాగితాలు పరిశీలించే ఉద్యోగం చేసి విరమించినవారు. పిల్ల తండ్రికి వాళ్ళ ఊరి పెద్ద వీధిలో పరుపుల దుకాణం ఉంది. పెళ్ళి నాటి నుంచి ఇరుపక్షాల చుట్టాలూ ఒకరిని బీమాగారనీ, మరొకరిని పరుపులాయననీ అనడం అలవాటు చేసుకున్నారు. ఒకరికి 'గారు', మరొకరికి 'ఆయన' ఎందుకు అతుక్కున్నాయో ఎవరూ ఆలోచించలేదు. పరుపులాయన మాత్రం ఆలోచించారు, ఎవరితోనూ అనలేదు. ఎదురుపడినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు 'బావగారూ' అనే పిలుచుకుంటారు, శుభకార్యాలలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. అంతటితో మాటలు అయిపోతాయి. రెండిళ్ళ మధ్య నడవవలసిన అసలు మాటలన్నీ వారి భార్యల ఫోన్లలోనే నడుస్తాయి.

పిల్లలిద్దరూ ఈ మహానగరంలో కాపురం ఉంటున్నారు. అబ్బాయి ఒక పెద్ద ఆసుపత్రిలో, రక్తపరీక్షల విభాగంలో రాత్రిపూట పనిచేస్తాడు. అమ్మాయి విమానాశ్రయంలో ప్రయాణికులకు దారి చెప్పే బల్ల దగ్గర పనిచేస్తుంది. పదకొండింటికి ఇల్లు వదిలితే బాగా పొద్దుపోయాక గాని తిరిగి రాదు. అతడు ఇల్లు చేరేసరికి ఆమె బయలుదేరే హడావిడిలో ఉంటుంది. ఆమె ఇల్లు చేరేసరికి అతడు ఉండడు. వారం కిందట అమ్మాయి తల్లికి ఫోన్ చేసి, తోటి ఉద్యోగినితో కలిసి వేరే గది తీసుకున్నాననీ, గురువారం డ్యూటీ ముగించుకుని నేరుగా అక్కడికే వెళ్తాననీ చెప్పింది. ఏం గొడవ జరిగిందని తల్లి అడిగితే, "గొడవేం లేదమ్మా. గొడవ పడాలన్నా ఇద్దరూ మేలుకుని ఉండాలి కదా" అంది.

ఆ మాట ఆ పూటే వియ్యపురాలి చెవిన పడింది. ఆడవాళ్ళిద్దరూ ఫోన్లో తర్జనభర్జనలు పడి ఒక నిర్ణయానికి వచ్చారు. మగవాళ్ళిద్దరూ కలిసి వెళ్ళాలి. చెప్పకుండా వెళ్ళాలి, చెబితే పిల్లల్లో ఎవరో ఒకరు ఏదో పని కల్పించుకుంటారు. ఇద్దరూ ఇంట్లో ఉండే ఆ కాస్త వ్యవధిలోనే గుమ్మం ఎక్కాలి. ఒక్కరే వెళితే తమ బిడ్డ తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చినట్టు ఉంటుంది. ఇద్దరూ వెళితేనే పెద్దలు వచ్చినట్టు ఉంటుంది.

ఇది ఆ గురువారం.

పట్టిక చివరి వరుస దాకా చదివి, కళ్ళజోడు తుడుచుకుని, బీమాగారు కిటికీ దగ్గరికి నడిచారు. అద్దం వెనుక కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది.

"ఎన్ని రోజులు ఉంటారు సర్?"

"ఒక్క రోజు," అన్నారు బీమాగారు.

"వారం," అన్నారు పరుపులాయన, అదే క్షణంలో.

అమ్మాయి తల ఎత్తింది. వియ్యంకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిన్న సాయంత్రం బండి ఎక్కిన దగ్గర నుంచి వారు అంత సూటిగా చూసుకోవడం అదే ప్రథమం.

"వారం ఉండి ఏం చేస్తాం బావగారూ?"

"ఒక్క రోజులో ఏం చేసి పోదామని వచ్చారు మీరు?"

"అయ్యేది ఒక్క మాటతో అవుతుంది. కానిది వారం కూర్చున్నా కాదు. పైగా రాత్రి బండికి తిరుగు టికెట్లు తీసుకున్నాను. మీకు కూడా."

"నాకు కూడానా? నన్ను అడగకుండానే?"

"రానూ పోనూ కలిపి తీసుకుంటే రాయితీ ఉంది."

పరుపులాయన సంచిని కింద పెట్టారు, మళ్ళీ తీసి భుజాన వేసుకున్నారు. "అంటే తెగిపోయిందనే నిశ్చయించుకుని బయలుదేరారన్నమాట. సంతకం పెట్టి ఫైలు మూసేయడానికి."

"నేను అలా అనలేదు."

"మీరు అనరు బావగారూ. టికెట్ కొంటారు."

వెనుక వరుసలోని జనం కదలడం మొదలుపెట్టారు. కిటికీలోని అమ్మాయి ఇటువంటి తగవులు రోజూ చూసే మనిషిలాగా పెన్నుతో బల్ల మీద కొట్టింది. "ఇద్దరూ కలిసే తిరుగుతారా? అయితే జంట పాస్ తీసుకోండి. ఒకటే కార్డు. ఇద్దరికి విడివిడిగా తీసుకునే దానికంటే బాగా తక్కువ."

'తక్కువ' అన్న మాట దగ్గర బీమాగారు ముందుకు వంగారు. "దాని నిబంధనలు?"

"గేటు దగ్గర కార్డు ఒకసారి పెడితే ఇద్దరు వెళ్ళాలి. కలిసి ఎక్కాలి, కలిసి దిగాలి."

"భార్యాభర్తలకేనా?"

"ఎవరైనా ఇద్దరు."

"అన్నదమ్ములైనా?"

"ఎవరైనా సర్."

"వియ్యంకులైనా?" అన్నారు పరుపులాయన వెనుక నుంచి.

అమ్మాయికి నవ్వు వచ్చింది. "వియ్యంకులు అడగడం ఇదే మొదటిసారి. ఇవ్వచ్చు."

"విడిపోతే?" అన్నారు బీమాగారు.

"విడిపోతే ఎవరికీ చెల్లదు."

ఒక రోజు జంట పాస్ కొన్నారు. వారం పాస్ కొనాలన్న మాట పరుపులాయన మళ్ళీ ఎత్తలేదు. "మనకి జంట పాసు. ఇంట్లో తెలిస్తే మీ చెల్లెలు నవ్వి చస్తుంది," అని మాత్రం అన్నారు. వియ్యపురాలిని బీమాగారు 'చెల్లెమ్మా' అంటారు.

గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. జంట పాస్ పొద్దుటి రద్దీ తగ్గిన తర్వాత మాత్రమే పనిచేస్తుంది. ఆ సంగతి పట్టిక అడుగున చిన్న అక్షరాలలో ఉన్నదనీ, తాను చదివాననీ, ఇంకొంచెంసేపు ఆగితే సరిపోతుందనీ బీమాగారు చెప్పారు.

"చదివి కూడా కొన్నారా?"

"వేచి ఉండే సమయాన్ని లెక్కలోకి తీసుకునే కొన్నాను. ఇంకా వ్యవధి ఉంది."

"రెండు మామూలు టికెట్లు తీసుకుని పోదాం పదండి. నేనిస్తాను."

"డబ్బు మాట కాదు బావగారూ. చేతిలో చెల్లే కార్డు పెట్టుకుని మళ్ళీ టికెట్ కొనడం ఏ పద్ధతి?"

గేటుకు ఎదురుగా స్తంభం చుట్టూ గుండ్రంగా బల్ల వేసి ఉంది. బీమాగారు కూర్చున్నారు. పరుపులాయన కూర్చోబోయి, అలవాటు చొప్పున ముందు అరచేత్తో బల్లను నొక్కి చూసి, "లోపల స్పాంజి లేదు, చెక్క మీద రెక్సిను తొడిగారు," అని తీర్మానించి, కూర్చోకుండా స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. జనం గేట్లలోంచి ధారగా పోతున్నారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక కార్డు, ప్రతి కార్డుకీ ఒక పచ్చ దీపం. ఆ పచ్చ దీపం వెలిగినప్పుడల్లా పరుపులాయన అటు తిరిగి చూస్తున్నారు.

ఇంకొక చుట్టు తిరిగి వచ్చి, ఆయన ఉన్నట్టుండి బీమాగారి ముందు ఆగారు.

"బావగారూ, మీకొక సంగతి చెప్పాలి. ఇంట్లో కూడా చెప్పలేదు."

"చెప్పండి."

"ఆ మధ్య సరుకు కోసం వచ్చి, ఒక పూట పిల్లల ఇంట్లో ఉన్నాను కదా. పరుపు తిరగేసి చాలా కాలమైందేమో, తిరగేద్దామని దుప్పటి తీశాను. పెళ్ళికి నేనిచ్చిన పరుపే. నా దుకాణంలో అంతకంటే మంచిది లేదు."

"మంచి పరుపే. మా ఆవిడ కూడా అంటూ ఉంటుంది."

"అది కాదు. ఇద్దరు పడుకునే పరుపుకి రెండు గుంటలు పడతాయి. ఎంత మంచి పరుపైనా పడతాయి. ఏ జంట ఎలా ఉందో పరుపు చూసి చెప్పేయొచ్చు, పాత పరుపులు మార్చుకోవడానికి తెస్తారు కదా, నేను పైకి అనను గాని నాకు తెలిసిపోతుంది. వీళ్ళ పరుపుకి ఒకటే గుంట. నట్టనడుమ." పరుపులాయన రెండు చేతులూ గాలిలో చాచి, ఆ గుంట ఎంత ఉందో చూపించారు. "పగలు వాడు, రాత్రి ఇది. ఒకరి గుంటలో ఒకరు. పరుపు చల్లారే తీరిక కూడా లేదు బావగారూ."

బీమాగారు కార్డును జేబులోంచి తీసి, రెండు వైపులా చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. కాసేపటికి ఆయన కూడా లేచి నిలబడ్డారు. స్తంభానికి ఒక పక్క ఆయన, ఒక పక్క ఈయన తిరుగుతూ, ఎదురుపడిన చోటల్లా దారి ఇచ్చుకుంటూ గడిపారు.

చివరికి పచ్చ దీపం వెలిగింది. ఇద్దరూ గేటు దాటి, మెట్లు దిగి, ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి బండి వచ్చి ఆగి ఉంది. తలుపులు తెరిచి ఉన్నాయి. అప్పుడు జరిగినది వియ్యంకులకు తప్ప మరెవరికీ జరగదు.

"ఎక్కండి బావగారూ," అన్నారు బీమాగారు.

"అయ్యో, మీరు ముందు."

"పెద్దవారు మీరు, మీరే ఎక్కాలి."

"వయసులో నాలుగు నెలలు పెద్ద, అంతే. మగపెళ్ళివారు ముందు. నడవండి."

"ఇంకా మగపెళ్ళివారేమిటండీ, అలా అనకండి."

"నేను ఎక్కాక మీరు ఎక్కితే మా ఆవిడ నన్ను బతకనిస్తుందా? దయచేయండి."

పరుపులాయన చేతిని వారగా చాచి, పెళ్ళి పందిట్లో దారి చూపినట్టు వంగి దారి చూపించారు. ఇక తప్పదని బీమాగారు లోపలికి అడుగు పెట్టారు. ఆయన వెనక్కి తిరిగి "రండి" అనేలోగా తలుపులు మూసుకున్నాయి.

అద్దానికి ఆవల పరుపులాయన ఇంకా వంగే ఉన్నారు. తల ఎత్తి చూసి, అద్దం మీద అరచేత్తో రెండుసార్లు తట్టారు. బండి కదిలింది. బీమాగారు చేతిని కిందికి చూపుతూ, అక్కడే ఉండమని సైగ చేశారు. వచ్చే స్టేషన్లో దిగి, ఎదురు బండిలో వెనక్కి వస్తానని వేలితో గాలిలో సున్నా చుట్టి చూపించారు. పరుపులాయన అంతా అర్థమైనట్టు గట్టిగా తల ఊపారు. పెళ్ళి మాటలప్పుడు కూడా ఆయన ప్రతిదానికీ అలాగే తల ఊపడం, తర్వాత ఒక్కటీ గుర్తు లేకపోవడం బీమాగారికి అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

వచ్చే స్టేషన్లో దిగారు. మెట్లెక్కి, వంతెన దాటి, అటువైపు మెట్లు దిగి, ఎదురు బండి పట్టుకుని వెనక్కి వచ్చారు. పరుపులాయన లేరు.

ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచారు. నీళ్ళ సీసాలు అమ్మే యంత్రం వెనుక చూశారు. నేల తుడుస్తున్న మనిషిని ఆపి, భుజాన సంచితో పొట్టిగా, ఒకచోట నిలవని పెద్దమనిషి ఒకాయన కనిపించారా అని అడిగారు.

"ఇక్కడ ఎవరూ ఒకచోట నిలవరండీ," అన్నాడతను చీపురు ఆపకుండా.

ఫోన్ తీశారు. పరుపులాయన నెంబరు అందులో లేదు. ఇన్నేళ్ళ వియ్యంలో ఒకరికొకరు ఫోన్ చేసుకోవలసిన అవసరం రాలేదు. భార్యకు ఫోన్ చేసి అడిగితే క్షణంలో తెలుస్తుంది. కాని ఆమె ముందుగా ఎందుకని అడుగుతుంది. ఇద్దరూ కలిసి వెళ్ళండి, కలిసి మాట్లాడండి అని గుమ్మం దాకా వచ్చి చెప్పిన మనిషికి, వియ్యంకుణ్ణి స్టేషన్లో పోగొట్టుకున్నానని ఏ నోటితో చెప్పాలి? ఆ తర్వాతి నిమిషంలోనే ఆ కబురు అవతలి ఇంట్లో వినిపిస్తుంది.

అంతలో కొడుకు ఇంటివైపు వెళ్ళే బండి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. బీమాగారు గడియారం చూసుకున్నారు. ఇప్పుడెక్కితే పదకొండుకు ముందే ఆ గుమ్మంలో ఉండవచ్చు. పిల్లలిద్దరూ ఉంటారు. తాను ఒక్కడే ఉంటాడు. తాను నోరు తెరిచి ఎంత న్యాయం చెప్పినా, మామగారు కొడుకు పక్షాన వచ్చారనే కోడలు అనుకుంటుంది. అంతేకాదు, తన జేబులో రాత్రి బండి టికెట్లు కూడా ఉన్నాయి. ఏ ముఖంతో ఉండమని చెప్పగలడు, తానే ఒక రోజుకు మించి ఉండదలచుకోనప్పుడు?

తలుపుల దగ్గర దాకా వెళ్ళి నిలబడ్డారు. మూసుకునేముందు మోగే గంట మోగింది. ఆయన ఎక్కలేదు. బండి వెళ్ళిపోయింది. దాని గాలికి చొక్కా కాలరు రెపరెపలాడింది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. కొడుక్కి ఫోన్ చేశారు.

"ఏరా, నిద్రపోయావా?"

"లేదు నాన్నా, ఇప్పుడే వచ్చాను. ఏంటి, ఈ టైములో?"

"ఏం లేదు. నేను ఈ ఊళ్ళోనే ఉన్నాను."

"ఏ ఊళ్ళో?"

"మీ ఊళ్ళోనే. మీ మావగారు కూడా వచ్చారు. అంటే, వచ్చారు గాని, ప్రస్తుతానికి లేరు."

"లేరంటే?" కొడుకు గొంతు మారిపోయింది.

"కంగారుపడకు. ఉన్నారు. ఎక్కడున్నారో తెలియడం లేదు."

ఫోన్లోంచి కొడుకు గొంతు వెనుక ఇంకొక గొంతు వినిపించింది. కోడలిది. ఆమె వేరే ఫోన్లో మాట్లాడుతోంది. "నాన్నా, నువ్వు ముందు అక్కడున్న ఆవిడతో గొడవపడటం ఆపు. ఏ గేటు దగ్గరున్నావో చెప్పు. టికెట్ ఎవరి దగ్గరుంది? మావయ్యగారి దగ్గరా? ఆయన కూడా వచ్చారా?" కాసేపు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియలేదు. తలుపు తీసిన చప్పుడు అయింది. కొడుకు "నీకు కూడానా?" అన్నాడు, తనతో కాదు. కోడలు ఏదో అంది. తాళాల గుత్తి చప్పుడు.

"నాన్నా, మావయ్యగారు మా స్టేషన్‌కే వచ్చేశారు. టికెట్ లేదని గేటు దగ్గర ఆపేశారట. మేం వెళ్తున్నాం. మీరు ఆ కార్డు తీసుకుని వచ్చేయండి. మధ్యలో ఎక్కడా దిగకండి, దయచేసి."

ఆ ప్రయాణంలో బీమాగారికి సీటు దొరికింది గాని కూర్చోలేదు. మధ్యలో టికెట్లు తనిఖీ చేసే మనిషి ఎక్కాడు. ఆయన తనంతట తానే ఎదురు వెళ్ళి కార్డు చూపించి, "ఇది ప్రస్తుతం చెల్లదు. రెండో మనిషి నాతో లేడు," అన్నారు.

తనిఖీ మనిషి కార్డునూ, ఆయననూ చూశాడు. "ఎక్కడున్నారు రెండో ఆయన?"

"మీవాళ్ళే ఆపి ఉంచారు. ఆయన్ని విడిపించడానికే ఈ కార్డు తీసుకుపోతున్నాను."

"అయితే త్వరగా వెళ్ళండి," అని అతను పక్క పెట్టెలోకి పోయాడు.

గమ్యం చేరేసరికి పదకొండు కావస్తోంది. మెట్లు రెండేసి ఎక్కాలనిపించింది, ఒక్కొక్కటే ఎక్కారు. పైన గేట్లు కనిపించాయి. గేట్లకు ఇవతల, ఒక స్తంభం వెనుక పరుపులాయన నిలబడి ఉన్నారు. అంతసేపూ ఎక్కడా నిలవని మనిషి, చెట్టు చాటున పిట్టను చూస్తున్నవాడిలాగా, కదలకుండా నిలబడి ఉన్నారు.

"బావగారూ, కార్డు తెచ్చాను. పదండి, పదండి," అని బీమాగారు గేటు వైపు నడిచారు.

పరుపులాయన ఆయన మోచేయి పట్టుకుని స్తంభం వెనక్కి లాగారు. "ఆగండి. ఆ కార్డు జేబులో పెట్టండి."

"ఏమైంది? మిమ్మల్ని అక్కడే ఉండమన్నానా లేదా? మీరు తల ఊపారు కూడా."

"ఊపాను. మీరు సున్నా చుట్టారు, చక్రం అనుకున్నాను. వెనక బండి ఎక్కి రమ్మన్నారనుకున్నాను. ఆ సంగతి తర్వాత తిట్టండి. అటు చూడండి."

గేట్లకు అవతల, గొడుగులు అమ్మే దుకాణం పక్కన పిల్లలిద్దరూ ఉన్నారు. అబ్బాయి ఆసుపత్రి చొక్కాలోనే ఉన్నాడు. అమ్మాయి ఉద్యోగపు దుస్తుల్లో, మెడలో విమానాశ్రయం గుర్తింపు కార్డుతో ఉంది. ఆమె పక్కన చక్రాల పెట్టె ఉంది. పెద్దది, నిండుగా ఉన్నది.

"పెట్టె తెచ్చిందే," అన్నారు బీమాగారు మెల్లగా.

"తెచ్చింది. ఇటునుంచి ఇటే పోదామని. రాగానే నా దగ్గరికొచ్చి ఇద్దరూ చెరో పక్కనుంచి చీవాట్లు పెట్టారు. జరిమానా కట్టి బయటికి రమ్మన్నాడు అల్లుడు. తప్పు చేయకుండా జరిమానా ఎందుకు కట్టాలి, నా టికెట్ మా బావగారి జేబులో ఉంది, ఆయన వస్తేనే వస్తానన్నాను. సరే అని అలా వెళ్ళి నిలబడ్డారు."

"తర్వాత?"

"మొదట ఎవరి ఫోను వాళ్ళు చూసుకున్నారు. చాలాసేపు. నేను ఇక్కడి నుంచి చూస్తూనే ఉన్నాను. తర్వాత అల్లుడు ఏదో అన్నాడు. మా అమ్మాయి నవ్వలేదు గాని, పెట్టె పిడి వదిలేసింది. అంతదాకా పట్టుకునే ఉంది బావగారూ. ఆ తర్వాత ఎవరికో ఫోన్ చేసింది. ఆలస్యం అవుతుందని చెప్పిందో, రానని చెప్పిందో వినపడలేదు. ఇప్పుడు చూడండి, ఇదే మాట్లాడుతోంది. వాడు వింటున్నాడు."

బీమాగారు చూశారు. కోడలు చేతులు కదుపుతూ ఏదో చెబుతోంది. కోపంగానే చెబుతోంది. కొడుకు కళ్ళు నిద్రతో ఎర్రబడి ఉన్నాయి, కాని మూతలు పడటం లేదు. ఒకసారి అడ్డు చెప్పబోయి ఆగాడు. ఆమె ఇంకా చెప్పింది. ఇది గొడవ. ఇద్దరూ మేలుకుని ఉన్నారు.

"మీరు ఇంకొక బండి ఆగి వచ్చి ఉంటే ఎంత బాగుండేది," అన్నారు పరుపులాయన.

బీమాగారు కార్డును జేబులో పెట్టుకున్నారు. "మనం బయటికి వెళ్ళకపోతే పద్ధతి కాదేమో."

"వెళితే మాటలు ఆగిపోతాయి. మనల్ని ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇస్తారు. మీరు ఒకటి అంటారు, నేను ఒకటి అంటాను. ఆ మాటలకి ఇద్దరూ తల ఊపుతారు, నేను ఊపినట్టు."

గేటు పక్క గదిలో కూర్చున్న ఉద్యోగిని కిటికీలోంచి తల బయటికి పెట్టింది. పరుపులాయనతో అప్పటికే ఒక విడత వాదన అయిన మనిషిలాగా ఉంది. "పెద్దాయనా, మీ బావగారు వచ్చారుగా. కార్డు కూడా వచ్చిందా? అయితే వెళ్ళండి మరి, మీవాళ్ళు అక్కడ నిలబడి ఉన్నారు."

పరుపులాయన బీమాగారి వైపు చూశారు. ఆ చూపులో నిన్న సాయంత్రం నుంచీ లేనిది ఏదో ఉంది. బీమాగారు కళ్ళజోడు సర్దుకున్నారు. కాలరు సర్దుకున్నారు. అవతలి నుంచి కనపడకుండా కిటికీకి ఇవతలి అంచున నిలబడి, క్లెయిముల విభాగంలో ఎదుటివారిని కుర్చీలో కూర్చోబెట్టినప్పటి గొంతుతో అన్నారు.

"అమ్మా, మేము ఒక రోజు జంట పాస్ తీసుకున్నాం. దాన్ని వారానికి మార్చుకునే వీలుందా?"

"ఉంది సర్. ఇవాళే మార్చుకోవాలి. తేడా కట్టాలి. ఇద్దరూ వచ్చి అడగాలి."

"ఇద్దరం ఇక్కడే ఉన్నాం. వారం అంటే ఈ రోజుతో కలిపా, రేపటి నుంచా?"

"ఈ రోజుతో కలిపి."

"పొద్దుటి రద్దీలో చెల్లదన్న షరతు వారం పాసుకు కూడా ఉందా?"

"ఉంది సర్."

"బస్సులకు?"

"బస్సులకు లేదు."

"ఎందుకని?"

ఉద్యోగిని ఒక్క క్షణం ఆలోచించింది. ఎందుకో ఆమెకు తెలియదని బీమాగారికి అర్థమైంది. తెలుసుకోవడానికి సమయం పడుతుందని కూడా అర్థమైంది. "కనుక్కుని చెప్పమ్మా. మాకు తొందరేం లేదు."

ఆమె ఫోన్ అందుకుంది. పరుపులాయన ఇవతలి గోడ వెంట ఉన్న బల్ల మీద కూర్చున్నారు. కూర్చునేముందు అరచేత్తో నొక్కి చూడలేదు. స్తంభం పక్కనుంచి మెడ సాచి అటు చూస్తున్నారు. అబ్బాయి వంగి, పెట్టెను దారికి అడ్డంగా ఉన్నదని గోడ వైపు జరిపాడు. అమ్మాయి వద్దనలేదు. మాట ఆపలేదు కూడా.

ఉద్యోగిని ఫోన్ పెట్టేసి, బస్సుల సంగతి చెప్పింది. ట్రాముల సంగతి కూడా చెప్పింది. కార్డు పోతే ఏం చేయాలో, ఇద్దరిలో ఒకరికి జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పింది. చివరికి రసీదుల పుస్తకం తీసి పెన్ను పట్టుకుంది.

"ఇంతకీ ఎన్ని రోజులు ఉంటారు సర్?"

బీమాగారు పరుపులాయనను చూశారు. పరుపులాయన గేట్లకు అవతల చూస్తున్నారు.

"అది ఇంకా తేలలేదమ్మా," అన్నారు బీమాగారు. "ముందు మీ పట్టికలో ఉన్న నెల పాసు సంగతి కూడా వివరంగా చెప్పు."